పక్షుల ఫొటోలకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

చెరువుగట్టుకైనా, నల్లమల అంచుకైనా వెళ్లేవారు బ్యాటరీ, మెమరీ కార్డు, తాగునీరు ముందే సరిచూసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతితో, వాళ్లు చూపిన దారిలోనే వెళ్లాలి. పులులూ ఎలుగుబంట్లూ తిరిగే అడవి గనుక వాహనం దిగి పొదల్లోకి పోరాదు.

అన్నింటికంటే ముఖ్యమైనది గుడ్ల విషయం. తీతువు పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. వేసవిలో ఎండిన చెరువు శిఖంలో (నీరు తగ్గాక బయటపడే చెరువు నేలలో), గులకరాళ్ల నడుమ చిన్న గుంటలో, నల్లమచ్చలున్న మట్టిరంగు గుడ్లు పెడుతుంది. అడుగు దూరంలో ఉన్నా అవి కంటికి ఆనవు. పిట్ట మన తల మీదుగా అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లకో పిల్లలకో చేరువైనట్టే కాబట్టి, అక్కడే ఆగి, నేలను చూసి అడుగు వేస్తూ వచ్చిన దారినే వెనుదిరగాలి. తల్లి నీడ తప్పితే ఎండకు గుడ్లు పాడవుతాయి. ఆ ఫొటో ఎంత బాగా వచ్చినా తీయదగినది కాదు.

రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షిని రప్పించకూడదు.

గుర్తింపు కోసం ముక్కు, కాళ్లు, తోక కనిపించేలా పలు కోణాల్లో తీయాలి. చిన్న తెల్లకొంగకు ముక్కూ కాళ్లూ నల్లగా, వేళ్లు పసుపుగా ఉంటాయి. బురదలో ఆ వేళ్లు కనబడవు కనుక అది ఎగిరేదాకా ఓపిక పట్టాలి. ఎండలో తెల్లని ఈకలు వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ కొంత తగ్గించుకోవాలి. మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల నీలం ఎగిరినప్పుడే పూర్తిగా బయటపడుతుంది కాబట్టి షటర్ వేగాన్ని సెకనులో 1/2000 వంతు దగ్గర ముందే ఉంచుకోవాలి.

గూడున్న చోటు తెలిసేలా లొకేషన్‌తో ఫొటోలు పంచుకోవద్దు.