పిల్లలతో కలిసి క్రిస్మస్ స్టార్ కడదాం

డిసెంబరు వచ్చిందంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఏ సందులోకి వెళ్లినా వరండాల్లో స్టార్లు వెలుగుతూ కనిపిస్తాయి. ఇప్పుడు చాలామంది మడత విప్పి తగిలించే అట్ట స్టార్ కొనేస్తున్నారు గానీ, నా మాట విని ఈసారి ఇంట్లోనే పిల్లల చేత కట్టించండి, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

60 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది కావాలి, బుట్టలు అల్లేవాళ్లని అడిగితే చీల్చి ఇస్తారు. సన్నగా, వంచితే విరక్కుండా వంగేలా ఉండాలి. వీటితో పాటు 10 సెంటీమీటర్ల పుల్లలు ఐదు, రబ్బరు బ్యాండ్లు, గాలిపటాల కాగితం, కాస్త మైదా. వెదురు పేళ్లు చేతిలో గుచ్చుకుంటే పిల్లలు మళ్లీ ఆ పని జోలికి రారు, కాబట్టి ముందే మీరు గరుకు కాగితంతో బద్దలన్నీ రుద్దేయండి.

అందరూ తప్పేది బద్దలు పేర్చే దగ్గరే. నేలమీద చాక్‌పీసుతో పెన్ను ఎత్తకుండా గీసే ఐదు కొనల నక్షత్రాన్ని పెద్దగా గీయమనండి, అది ప్రతి పిల్లాడికీ వచ్చు. ఇప్పుడు ఒక్కో బద్దకి రెండు చివర్ల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి, మధ్యలో 14 మిగులుతుంది. ఆ గుర్తుల దగ్గరే బద్దలు ఒకదాన్నొకటి దాటాలి, అప్పుడే ఐదు కొనలూ సమానంగా వస్తాయి. గీత మీద బద్దలు పేర్చి, ముందు కొనలు, తర్వాత లోపలి ఐదు కూడళ్లు రబ్బరు బ్యాండ్లతో బిగించాలి. దారం ముడి చిన్న చేతులకి జారిపోతుంది, రబ్బరు బ్యాండైతే ఆరేళ్ల పిల్ల కూడా నాలుగు చుట్లు తిప్పేస్తుంది.

ఇలాంటివి రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కొనలు మాత్రం కలిపి బిగించండి. లోపలి కూడళ్ల మధ్య ఆ చిన్న పుల్లలు నిలబెట్టి కట్టగానే చప్పగా పడి ఉన్నది కాస్తా కడుపు ఉబ్బినట్టు పైకి లేస్తుంది. మా ఇంట్లో పిల్లలు ప్రతిసారీ చప్పట్లు కొట్టేది ఇక్కడే. ఇది మాత్రం ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కట్టాల్సిన పని.

గ్లాసు నీళ్లలో రెండు స్పూన్ల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద చిక్కబడేదాకా తిప్పితే జిగురు రెడీ. చల్లారాక పిల్లలకి ఇవ్వండి. స్టార్‌ని కాగితం మీద పెట్టి, బద్దల చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ వదిలి కత్తిరించి, ఆ అంచుని బద్ద మీదకి మడిచి అంటించడమే. పసుపు, ఎరుపు వెలుగుకి బాగుంటాయి, ముదురు నీలం వేస్తే రాత్రి మసకగా కనిపిస్తుంది. ముడతలు పడితే పడనివ్వండి, వాళ్లు పడుకున్నాక మీరు సరిచేయొద్దు, పొద్దున్నే వాళ్లకి తెలిసిపోతుంది, చాలా బాధపడతారు.

గోడవైపు వచ్చే మధ్య భాగం మూయకుండా వదిలేయండి, బల్బు అక్కడినుంచే లోపలికి వెళ్లాలి. వైరు, హోల్డరు పని పెద్దవాళ్లదే. 5 వాట్ల ఎల్ఈడీ సరిపోతుంది, అది కూడా కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి. మా చిన్నప్పుడు 60 వాట్ల పాత బల్బు పెడితే రెండో రోజుకే కాగితం గోధుమరంగుకి మాడి, దాదాపు అంటుకున్నంత పనైంది.

ఆరుబయట కట్టకండి, డిసెంబరు మంచుకి మైదా జిగురు ఊడి తెల్లారేసరికి కాగితం వేలాడుతుంది. వరండా చూరు కింద, గాలికి తిరక్కుండా రెండు కొనలకి తాడు వేసి కట్టాలి. స్విచ్ మాత్రం పిల్లల చేతే వేయించండి. పండగయ్యాక కాగితం చింపేసి, చట్రాన్ని అటక మీద పెట్టేస్తే వచ్చే ఏడాది రబ్బరు బ్యాండ్లు, కాగితం మారిస్తే సరిపోతుంది.