ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లే ముందు

ఉత్తర చెన్నైలో తండయార్‌పేట, తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మీ దగ్గర ఏదైనా పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కోసం సభ పెడుతున్నారంటే, ముందు పేపర్లో వచ్చిన నోటీసు తేదీ చూడండి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. ఆ పేపర్ కటింగ్ దాచుకోండి.

అసలు పని ఏమిటంటే, ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం చదవడం. అది తమిళంలో, ఇంగ్లీషులో ఉంటుంది. మనలో చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. మా పెద్దమ్మ కూడా అంతే. సిగ్గుపడకండి, బడికెళ్లే పిల్లల చేత ముందే చదివించుకోండి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, వాడిన నీళ్లు ఎక్కడ వదులుతారు, లారీలు ఏ రోడ్డున తిరుగుతాయి, ఈ మూడూ తప్పకుండా వెతకండి. ఎన్నూరు క్రీక్‌లో (సముద్రపు పాయలో) కలిసేది ఏదైనా చేపల మీద బతికే ఇళ్లకే ముందు తగులుతుంది.

అభ్యంతరం రాతలో కూడా ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం అడగండి.

ఇంతమంది రావాలనే నియమం లేదు. పదిమందే వచ్చినా సభ జరిగినట్టే లెక్క. అందుకే పక్కింటివాళ్లను కూడా బయల్దేరదీయండి.

మాట్లాడేటప్పుడు టెన్షన్ పడకండి. వీడియో తీస్తారు కాబట్టి పేరు, వీధి చెప్పి మొదలుపెట్టండి.

మధ్యలో లేచి రావద్దు. చివర్లో జరిగినదంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి.