పొగాకు పండే ఊళ్లో ఉంటూ సిగరెట్ మానేయడం ఎలా

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు వాళ్లకి సిగరెట్ మానమని చెప్పడం హైదరాబాద్ ఆఫీసులో పనిచేసే వాళ్లకి చెప్పినంత తేలిక కాదు. ఇక్కడ పొగాకు అనగానే ముందు గుర్తొచ్చేది పొలం, ఆకుని మంట వేడితో ఆరబెట్టే బ్యారన్, బ్యాంకు అప్పు, వేలం కేంద్రంలో ఈ రోజు కిలో ఎంత పలికింది అనే సంగతి. ఆ పంట మీదే ఇల్లు కట్టినవాళ్లు, పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించినవాళ్లు వీధికి నలుగురు ఉంటారు. అందుకే ఎవరైనా వచ్చి "పొగాకు విషం, మానేయండి" అనగానే "మనకి అన్నం పెట్టే ఆకుని తిడతావేంది అబ్బాయ్" అని కోపం వస్తుంది, మాట అక్కడితో తెగిపోతుంది, సిగరెట్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. పంట సంగతి వేరు, మీ ఊపిరితిత్తుల సంగతి వేరు. పొగాకు బదులు శనగ వేయాలా, ఇంకేదైనా వేయాలా అన్నది ధరలతో, నీళ్లతో, అప్పులతో ముడిపడిన విషయం, అది ఒక్కరి చేతిలో లేదు. నోట్లో పెట్టుకునేది మాత్రం మీ ఒక్కరి చేతిలోనే ఉంది. జీవితంలో ఒక్క దమ్ము కూడా లాగకుండా నలభై ఏళ్లు వర్జీనియా పొగాకు పండించిన రైతులు మన మధ్యే ఉన్నారు, వాళ్లని ఎవరూ పంటకి ద్రోహం చేశారని అనలేదు. కాబట్టి మానేయాలంటే ముందు ఆ రెండింటినీ మనసులో విడదీసుకోండి.

రెండో చిక్కు, ఏది తప్పు ఏది కాదు అని ఊళ్లో మనం పెట్టుకున్న లెక్కలు. తాత అరుగు మీద కూర్చుని చుట్ట కాలిస్తే అది పెద్దరికం. అదే ఇంట్లో మనవడు సిగరెట్ తాగితే చెడిపోయాడంటారు. అమ్మమ్మ పంటి నొప్పికని పొగాకు కాడ దవడన పెట్టుకుంటే అసలు లెక్కలోకే రాదు. కూలికి వెళ్లే ఆయన బీడీని "అది చిన్నది లే" అంటారు. ఇవన్నీ మన మర్యాదల లెక్కలే, శరీరానికి ఇవేవీ తెలియవు. బీడీ చిన్నదే కానీ ఆరిపోకుండా ఉండాలంటే గబగబా ఎక్కువసార్లు లాగాలి, అందుకే అందులోంచి లోపలికి వెళ్లే తారు, నికోటిన్ సిగరెట్‌కి ఏమీ తీసిపోవు. కాడ నమిలినా, ఖైనీ పెట్టినా నోటి క్యాన్సర్ ముప్పు ఉంది. "నేను రోజుకి ఒక్కటే, భోజనం చేశాక" అనేవాళ్లకి కూడా చెప్పాలి. రోజుకి 20 తాగేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వచ్చేస్తుంది. తగ్గించడం మంచిదే కానీ, తగ్గించిన చోటే ఆగిపోతే లాభం తక్కువ. సిగరెట్ వదిలి గుట్కా పట్టుకోవడం అయితే మానడం కిందకే రాదు. ఈ-సిగరెట్ అంటారా, 2019లోనే దేశమంతా నిషేధించారు.

ఇక అసలు పని.

"నా వల్ల కాదు" అనేవాళ్లలో చాలామంది కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు ఒక్క సిగరెట్ ముట్టరు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, వాటితో పాటు సిగరెట్ లేకపోవడం కూడా, ఏ మందూ లేకుండా. నెల్లూరు కోటమిట్టలో రంజాన్ నెలంతా ఉపవాసం ఉండే అన్నలు పగలు 13, 14 గంటలు పొగ జోలికి పోరు. అంటే మానగల శక్తి మీలో ఉందా లేదా అన్న అనుమానం అక్కర్లేదు, ఏడాదికోసారి మీరే దాన్ని రుజువు చేస్తున్నారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నికోటిన్ మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, ఏకాగ్రత లేకపోవడం లాంటివి మొదటి రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. మాల తీసే నాటికి మీ ఒంటికి సిగరెట్‌తో పని దాదాపు తీరిపోయి ఉంటుంది. మరి మాల తీసిన సాయంత్రమే ఎందుకు వెలిగిస్తారు? దీక్ష అయిపోయింది కదా అని స్నేహితుడు పెట్టె చాపుతాడు కాబట్టి, పాత టీ కొట్టు దగ్గర పాత బెంచీ మీదే కూర్చుంటారు కాబట్టి. మాల వేసేవాళ్లకి నా మొదటి సలహా, ఈసారి మాల తీసే రోజుని మానేసే రోజుగా పెట్టుకోండి. కొండకి వెళ్లే ముందే ఇంట్లో, గురుస్వామికి, రోజూ కలిసే నలుగురికీ చెప్పేయండి. తిరిగొచ్చాక మొదటి పది రోజులు పాత జట్టుతో సాయంత్రాలు కూర్చోవద్దు.

మాల వేయనివాళ్లు వచ్చే రెండు వారాల్లో ఏదో ఒక తేదీ పెట్టుకోండి. కోత రోజులు, వేలం రోజులు, ఇంట్లో పెళ్లి ఉన్న వారం వద్దు. అలాగని టెన్షన్ లేని రోజు కోసం చూస్తే అది రానే రాదు. తేదీకి ముందు మూడు నాలుగు రోజులు ఒక చీటీ దగ్గర పెట్టుకుని ప్రతి సిగరెట్ ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ తాగారో రాయండి. చదువుకోనివాళ్లయితే ఇంట్లో పిల్లల చేత రాయించుకోండి, పిల్లలు ఈ పని భలే శ్రద్ధగా చేస్తారు. ఆ చీటీ చూస్తే మీ సిగరెట్లలో ఎక్కువ భాగం మూడు నాలుగు చోట్లే కాలుతున్నాయని తెలుస్తుంది, ఆ చోట్ల ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోవచ్చు.

టీ కొట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది అక్కడే. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని త్వరగా కరిగించేస్తుంది. మానేయగానే ఆ వేగం తగ్గిపోతుంది, అదే మూడు టీలు ఇప్పుడు ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి, గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర రాకపోవడం మొదలవుతాయి. మనిషేమో "సిగరెట్ మానినందుకే ఇలా ఉంది" అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. అందుకని మానేసిన రోజు నుంచే టీ, కాఫీ సగానికి సగం తగ్గించండి, మిగతా సగానికి మజ్జిగో, నిమ్మకాయ సోడానో తాగండి. కొన్ని రకాల మందుల మోతాదు కూడా ఇలాగే మారుతుంది, ముఖ్యంగా మానసిక జబ్బులకి వాడేవాటిలో కొన్ని, ఆయాసానికి వాడే థియోఫిలిన్. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా డాక్టర్‌కి ముందే చెప్పండి.

బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఇంకో చోటు. మంట చూసుకుంటూ, వేడి ఎంతుందో గంటకోసారి చూస్తూ, నిద్ర ఆపుకోవడానికి ఒకదాని వెంట ఒకటి కాలుస్తారు. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లకి కాపలా కాసేవాళ్లదీ, హైవే మీద చెన్నై లోడు తోలేవాళ్లదీ ఇదే కథ. నిద్ర ఆపడానికి సిగరెట్ కావాలనిపిస్తుంది కానీ ఆ తలపు వచ్చి పోయేది కొన్ని నిమిషాల్లోనే, ఆ నిమిషాలు గడిపేస్తే చాలు. లేచి బ్యారన్ చుట్టూ ఒక చుట్టు తిరగండి, ముఖం కడుక్కోండి, వేయించిన శనగలో, వేరుశనగలో, సోంపో, లవంగమో జేబులో ఉంచుకోండి. వీలుంటే మొదటి రెండు వారాలు రాత్రి డ్యూటీ ఇంకొకరితో మార్చుకోండి.

ఆకు పనికి వెళ్లేవాళ్లకి ఒక జాగ్రత్త. మంచు తడితో ఉన్న పచ్చాకు కొట్టేటప్పుడు, కర్రలకి కట్టేటప్పుడు నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్తుంది, తల తిరగడం, వాంతులు, నీరసం అందుకే వస్తాయి. ఒక్క బీడీ తాగని ఆడకూలీలకి కూడా వస్తాయి. పొడుగు చేతుల చొక్కా, చేతులకి తొడుగులు వేసుకోండి, తడిసిన బట్టలు వెంటనే మార్చుకుని సబ్బుతో కడుక్కోండి. మానడానికి నికోటిన్ గమ్ వాడుతూ ఇదే పని చేస్తుంటే రెండు వైపుల నుంచీ నికోటిన్ చేరుతుంది కాబట్టి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి మోతాదు అడగండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే తమ్ముళ్లకి ఇంకా గట్టిగా చెబుతున్నా. రాతి దుమ్ము ఇప్పటికే మీ ఊపిరితిత్తుల్ని తింటోంది, దాని మీద పొగ కూడా వద్దు. దగ్గు రెండు వారాలు దాటితే "సిగరెట్ దగ్గులే" అని వదిలేయకుండా ప్రభుత్వాసుపత్రిలో టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష చేయించుకోండి, డబ్బులు తీసుకోరు.

మందుల దగ్గర మనవాళ్లకి ఒక మొహమాటం ఉంది, మగాడన్నాక మనసు గట్టి చేసుకుని మానాలి గానీ మందేంటి అని. అది వదిలేయండి. ఏ సాయమూ లేకుండా మానినవాళ్లలో ఏడాది తర్వాత కూడా నిలబడేది నూటికి అయిదుగురు కూడా ఉండరు, సాయం తీసుకుంటే ఆ సంఖ్య పెరుగుతుంది. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో మామూలుగానే దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లకి 4 మిల్లీగ్రాములది కావాల్సి వస్తుంది, దానికి డాక్టర్ చీటీ రాయించుకోండి. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి "ఇది నాకు పడదు" అని పారేస్తారు. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, ఘాటు తగలగానే ఆపి చెంపకి ఆనించి ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్లీ కొంచెం నమలాలి, అలా అరగంట. దానికి 15 నిమిషాల ముందు టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు. మొదట్లో గంటా రెండు గంటలకి ఒకటి వాడి, తర్వాత తగ్గిస్తూ మూడు నెలల్లో ఆపేయొచ్చు. వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టాలి, కానీ డాక్టర్ చూసి రాయాల్సినవే. ఫిట్స్ ఉన్నవాళ్లు బుప్రోపియాన్ వాడకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు గమ్ కూడా అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ తీసుకుని "పొగ మానాలి, ఎవరిని కలవాలి" అని నేరుగా అడగండి, సిగ్గుపడే విషయం కాదు. అంత దూరం వెళ్లలేకపోతే సిగరెట్ పెట్టె మీద బొమ్మ పక్కనే 1800-11-2356 అని, మానాలనుకునేవాళ్లకి సాయం చేసే ఒక ఫోన్ నంబర్ ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆ పెట్టె చేత్తో పట్టుకుని ఒక్కసారి కూడా దానికి చేయనివాళ్లే ఎక్కువ. ఆ కాల్‌కి డబ్బులు పడవు.

పిలిచేవాళ్లకి ఏం చెప్పాలి? "రా బావా, ఒక దమ్ము" అంటే పాఠం మొదలుపెట్టకండి, "మానేశాను బావా" అని రెండు ముక్కల్లో తేల్చేసి మాట మార్చండి. "మానాలనుకుంటున్నా" అంటే మాత్రం పెట్టె మీ వైపు చాపుతూనే ఉంటారు. మనలో ఒక మర్యాద ఉంది, మామయ్యో మేనత్తో ఎదురొస్తే సిగరెట్ కింద పడేస్తాం. ఆ పెద్దవాళ్లలో మీరు బాగా గౌరవించే ఒకరికి మీ మానే తేదీ చెప్పండి, రోజూ సాయంత్రం ఒక్క ఫోన్ చేయమనండి. స్నేహితుడికి ఇచ్చిన మాట కంటే అది గట్టిగా నిలబడుతుంది.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. ఆ మొదటి వారం ఆయన విసుక్కుంటే, అన్నం దగ్గర ఉప్పు తక్కువైందని అరిస్తే, అది మీ మీద కోపం కాదు, నికోటిన్ లేని చిరాకు. "దీనికంటే తాగడమే నయం" అని మాత్రం నోటి నుంచి రానివ్వకండి, ఆ ఒక్క మాట పట్టుకుని షాపుకి వెళ్లిపోతారు. ఆకలి పెరుగుతుంది, ఏడాదిలో నాలుగైదు కిలోలు బరువు పెరగొచ్చు, దానికి భయపడి ఆపొద్దు, సాయంత్రం స్వీట్ల బదులు దోసకాయో జామకాయో కోసి పెట్టండి. ఇంట్లో చుట్ట కాల్చే పెద్దాయన, పొగాకు నమిలే అమ్మమ్మ ఉంటే ఒకసారి వెలుతురులో నోరు తెరిపించి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనబడినా పంటి డాక్టర్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో వెంటనే చూపించాలి.

మానేశాక ఎప్పుడో ఒక పెళ్లిలోనో, వేలంలో ధర పడిపోయిన రోజునో ఒకటి తాగేశారనుకోండి. "ఇక అంతా పోయింది" అనుకుని పెట్టె కొంటారే, అసలు నష్టం అక్కడ జరుగుతుంది. మిగిలినవి నీళ్లలో పారేసి, అది ఏ చోట, ఎవరి పక్కన జరిగిందో పాత చీటీలో రాసుకుని, గమ్ ఆపేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టి, ఆ నంబర్‌కి ఆ రాత్రి కాకపోతే మర్నాడు ఫోన్ చేయండి. కొత్త తేదీ కోసం చూడొద్దు, మర్నాడు పొద్దున్నుంచే మానేసినట్టు.