ఎక్స్-మెన్ '97 మీద ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి?

'ఎక్స్-మెన్ '97' అంటే తొంభైల నాటి 'ఎక్స్-మెన్' కార్టూన్‌కు కొనసాగింపుగా వచ్చిన యానిమేషన్ సిరీస్. మ్యూటెంట్లు, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న మనుషులు, వాళ్ల జట్టు కథ. దాని గురించి ఎవరు ఏం రాసినా, మార్కుల కంటే ముందు తేదీ చూడండి. మొదటి సీజన్‌లోని పది ఎపిసోడ్లూ ఒకేసారి రాలేదు. 2024 మార్చి 20న రెండు వచ్చాయి, ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున మే 15 దాకా నడిచింది. 4వ ఎపిసోడ్ ఏప్రిల్ 3న వచ్చింది. అందులో సగం జూబిలీ వీడియోగేమ్‌లో చిక్కుకున్న కథ, సగం శక్తులు పోయిన స్టార్మ్ కథ. అది చూసి "తేలికైపోయింది" అని పెదవి విరిచినవాళ్లకు వచ్చే వారం ఏం రాబోతోందో తెలియదు. ఏప్రిల్ 10న 5వ ఎపిసోడ్ 'రిమెంబర్ ఇట్' వచ్చాక కథ తీరే మారిపోయింది. అందులో ఏం జరిగిందో ఇక్కడ చెప్పను. మీరింకా చూడకపోతే ఆ తేదీ తర్వాత రాసిన అభిప్రాయం ఒక్కటీ తెరవకండి. ఆ అరగంట ఏమీ తెలియకుండా చూస్తేనే గుండెకు తగులుతుంది.

తర్వాతి పని, రాసినవాళ్లకు పాతది నిజంగా గుర్తుందా అన్నది తేల్చుకోవడం. చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పాత సిరీస్ 1992 అక్టోబర్ 31 నుంచి 1997 సెప్టెంబర్ 20 వరకు, అమెరికాలో ఫాక్స్ కిడ్స్‌లో, మొత్తం 76 ఎపిసోడ్లు. చిన్నప్పుడు చూసినవాళ్లకు మిగిలేది టైటిల్ సంగీతం, వుల్వరిన్ పసుపు దుస్తులు, ఒకటి రెండు పోరాటాలు. "పాతదాని బొమ్మే బాగుండేది" అంటారు గానీ, పాతదంతా ఒకే తీరుగా లేదు. చివరి సీజన్ ఆఖరి ఎపిసోడ్లకు స్టూడియో మారింది, ముఖాల గీత కూడా మారింది. ఏ ఎపిసోడ్‌తో పోలుస్తున్నారో చెప్పని పోలిక వల్ల మనకు ఉపయోగం లేదు.

కాబట్టి తీర్పు చెప్పే ముందు, లేదా ఎవరి తీర్పునైనా ఒప్పుకునే ముందు, పాతవాటిలో 11 ఎపిసోడ్లు చూడండి. ఒక్కోటి సుమారు 22 నిమిషాలు, అన్నీ కలిపి నాలుగు గంటలు. 'నైట్ ఆఫ్ ది సెంటినల్స్' రెండు భాగాలు, 'ఎంటర్ మాగ్నీటో', 'స్లేవ్ ఐలాండ్', 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' రెండు భాగాలు, 'టిల్ డెత్ డూ అజ్ పార్ట్' రెండు భాగాలు, 'శాంక్చువరీ' రెండు భాగాలు, చివరగా 'గ్రాడ్యుయేషన్ డే'. వీటిని నంబర్లను బట్టి కాకుండా పేర్లతో వెతకండి. 3వ సీజన్ నుంచి ప్రసారమైన వరుసా కథ వరుసా కలవవు, నంబర్ నమ్ముకుంటే ఒక కథ మధ్యలో ఇంకో కథలో తేలతారు. తీరిక ఉంటే 'ఫీనిక్స్ సాగా' ఐదు భాగాలూ కలుపుకోండి. అది లేకపోయినా కొత్తది అర్థమవుతుంది. 'స్లేవ్ ఐలాండ్' మాత్రం వదలొద్దు. జెనోషా అనే దీవి ఒకప్పుడు మ్యూటెంట్లను బానిసలుగా పనిచేయించిన చోటని తెలిస్తేనే 5వ ఎపిసోడ్ బరువు తెలుస్తుంది.

ఇవి చూశాక ఒక్కో ఫిర్యాదునూ పాత ఎపిసోడ్ పక్కన పెట్టి చూడండి.

"రాజకీయాలు దూర్చారు" అన్న మాట అన్నిటికంటే ఎక్కువ వినిపిస్తుంది, అన్నిటికంటే త్వరగా తేలిపోయేదీ అదే. 'నైట్ ఆఫ్ ది సెంటినల్స్' పెట్టండి. పేర్లు నమోదు చేయించుకున్న మ్యూటెంట్ల జాబితా పట్టుకుని జూబిలీ అనే చిన్న పిల్లను రాక్షస రోబోలు వెంటాడతాయి. 1992లో కథ మొదలైందే అక్కడ. ఈ ఫిర్యాదు చేసినవాళ్లు పాతదాన్ని మరిచిపోయి ఉండాలి, లేదా చూసే ఉండకూడదు.

"ప్రొఫెసర్ ఎక్స్ (ఎక్స్-మెన్ జట్టును పెట్టిన గురువు) విషయంలో పాత ముగింపును పక్కన పెట్టారు" అన్నది అలా కొట్టిపారేసే మాట కాదు. 'గ్రాడ్యుయేషన్ డే' చివర్లో ఆయన తీవ్రంగా గాయపడతాడు, మంచం చుట్టూ నిలబడ్డ శిష్యులకు ఒక్కొక్కరికీ వీడ్కోలు చెప్పి, ప్రాణాలతోనే, వేరే గ్రహాల మహారాణి లిలాండ్రాతో వెళ్లిపోతాడు. కొత్త సిరీస్ మొదలయ్యేసరికి ఆయన చనిపోయినట్టే అందరూ మాట్లాడతారు, వీలునామా కూడా బయటికొస్తుంది. రెండూ వెంటవెంటనే చూస్తే ఈ అతుకు స్పష్టంగా కనిపిస్తుంది. జట్టులోని రోగ్‌కూ, జట్టుకు పాత శత్రువైన మాగ్నీటోకూ పాత పరిచయం ఉందన్నదీ ఇలాంటిదే. దాని మూలం కామిక్స్‌లో ఉంది, పాత కార్టూన్‌లో లేదు. ఈ రెండు ఫిర్యాదులకూ విలువ ఇవ్వండి.

"పరుగు పెట్టించారు" అంటే ఎక్కడని అడగండి. 3వ ఎపిసోడ్ అని జవాబొస్తే వాళ్లు శ్రద్ధగా చూసినట్టే. కామిక్స్‌లో నెలల తరబడి సాగిన 'ఇన్‌ఫెర్నో' కథను ఆ ఒక్క అరగంటలో కుదించారు, జట్టులోని జీన్‌కు ఏమైందో మనం జీర్ణించుకునేలోపే అది అయిపోతుంది. అదే ఫిర్యాదు చివరి మూడు భాగాల 'టాలరెన్స్ ఈజ్ ఎక్స్‌టింక్షన్' మీద చేస్తే నేను ఒప్పుకోను. అక్కడ వేగం కథకే అవసరం.

గొంతుల గురించి రాసేవాళ్లు ఏ భాషలో చూశారో ముందు తెలుసుకోండి. డబ్బింగ్‌లో చూసిన మనిషి తీర్పు ఇంగ్లిష్ నటులకు వర్తించదు. ఇంగ్లిష్‌లో వుల్వరిన్‌కు క్యాల్ డాడ్, రోగ్‌కు లెనోర్ జాన్, బీస్ట్‌కు జార్జ్ బూజా, స్టార్మ్‌కు ఆలిసన్ సీలీ-స్మిత్ మళ్లీ గొంతిచ్చారు. సైక్లాప్స్ గొంతు మారడానికి కారణం, పాత నటుడు నార్మ్ స్పెన్సర్ 2020లో కన్నుమూయడం. ఒకప్పుడు గాంబిట్ పాత్రకు గొంతిచ్చిన క్రిస్ పాటర్ ఇందులో కేబుల్ పాత్రకు వినిపిస్తాడు. "పాతవాళ్లందర్నీ తీసేశారు" అని రాసి ఉంటే ఇక ఆ పేజీ మూసేయొచ్చు.

మీరే రాయాలనుకుంటే చేతిలో ఒక కాగితం పెట్టుకుని చూడండి. నచ్చినదీ నచ్చనిదీ ఎపిసోడ్ పేరు, నిమిషంతో సహా రాసుకోండి, పక్కనే దాన్ని పోల్చదగిన పాత ఎపిసోడ్ పేరు వేయండి. ఆ పక్క గడి ఖాళీగా ఉంటే "పాతదానిలా లేదు" అని రాయకండి, "నాకు నచ్చలేదు" అని రాయండి. ఎన్నో ఎపిసోడ్ దాకా చూశారో మొదటి వాక్యంలోనే చెప్పండి. చావులు, రహస్యాలు శీర్షికలో పెట్టొద్దు, బొమ్మలో అసలే పెట్టొద్దు. చదివేవాళ్లు వాక్యాన్ని దాటేయగలరు గానీ కంటపడ్డ బొమ్మను దాటేయలేరు.

రెండోసారి చూసేటప్పుడు టైటిల్స్‌ను స్కిప్ చేయకండి. ఎపిసోడ్‌కు ఎపిసోడ్‌కు వాటిలో చిన్న చిన్న మార్పులు చేశారు. 4వ ఎపిసోడ్ టైటిల్స్, 6వ ఎపిసోడ్ టైటిల్స్ పక్కపక్కన ఆపి చూడండి, ఏం మారిందో రాసుకోండి.