రోమ్‌లో పాంథియన్ తీరిగ్గా చూడాలంటే ఎలా?

రోమ్ వెళ్లినవాళ్లు చాలామంది పాంథియన్ అనే ప్రాచీన రోమన్ గుడిలో పది నిమిషాలు తిరిగి, ఒక ఫోటో తీసుకుని ట్రెవీ ఫౌంటెన్‌కి పరుగెత్తుతారు. దయచేసి అలా చేయకండి. గంటైనా అక్కడ గడపండి.

ముందు టికెట్. 2023 జూలై నుంచి ప్రవేశానికి టికెట్ పెట్టారు. ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే క్యూ టెన్షన్ తగ్గుతుంది. నెలలో మొదటి ఆదివారం ఉచితమే, కానీ జనం కిక్కిరిసిపోతారు. క్రీ.శ. 609 నుంచి ఇది చర్చి. ప్రార్థన వేళల్లో చూడ్డానికి రానివ్వరు. గుడికి వెళ్లేటప్పటిలాగే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

చేరుకోవడం. మెట్రో స్టేషన్ మరీ దగ్గర్లో లేదు. లార్గో ఆర్జెంటీనా అనే కూడలి దగ్గర బస్సు దిగి కాసేపు నడవండి. దారంతా రాళ్లు పరిచి ఉంటుంది, మెత్తని చెప్పులు మేలు.

గుమ్మం దగ్గర ఆగండి. పైన ‘అగ్రిప్ప కట్టించాడు’ అని లాటిన్‌లో ఉంటుంది. ఇప్పుడున్న కట్టడం మాత్రం హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తయింది. తన పేరు చెక్కించుకోకుండా అంతకుముందు ఇక్కడున్న పాత కట్టడం కట్టించిన అగ్రిప్ప పేరే ఉంచాడు. నాకు హాడ్రియన్ మీద గౌరవం కలిగింది ఇక్కడే. ముందున్న 16 గ్రానైట్ స్తంభాల రాయి ఈజిప్టు నుంచి వచ్చింది.

లోపల నడిమధ్యకు వెళ్లి తలెత్తండి. గుమ్మటం వెడల్పు 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఇనుప చువ్వలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇంతకన్నా పెద్దది నేటికీ లేదు. నిలిచిందెలాగంటే, కింది వరుసల కాంక్రీటులో బరువైన రాళ్లు కలిపారు, పైకి వెళ్లేకొద్దీ తేలికైన అగ్నిపర్వతపు రాళ్లు వేశారు. మందం కూడా సుమారు 6 మీటర్ల నుంచి పైన మీటరు చిల్లరకు తగ్గుతుంది.

నడినెత్తిన అద్దం లేని గుండ్రటి కన్నం ఉంటుంది. వెలుగంతా ముఖ్యంగా అక్కణ్నుంచే. మధ్యాహ్నం వెళ్లి, గోడ మీద ఎండ పడ్డ చోటు గుర్తుపెట్టుకోండి. ఎడమవైపు చిత్రకారుడు రఫాయేల్ సమాధి చూసి వచ్చేసరికి ఆ ఎండ జరిగి ఉంటుంది. ఏప్రిల్ 21న, అంటే రోమ్ పుట్టినరోజున, మధ్యాహ్నం ఆ వెలుగు సరిగ్గా గుమ్మం మీద పడుతుంది.

వాన పడితే ప్రయాణం మానుకోకండి. చినుకులు కన్నంలోంచి నేరుగా లోపలికి రాలుతాయి. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండటంతో నీళ్లు పక్కకు జారి, రాళ్లలోని చిన్న రంధ్రాల్లోకి పోతాయి. కాసేపు మాట్లాడకుండా నిలబడి ఆ చప్పుడు వినండి.