డెల్టా వాళ్ళం కొండెక్కాలంటే: గుంటుపల్లి నడక

భీమవరం, పాలకొల్లు వైపు పెరిగిన మనకి ఎత్తు అంటే కాలవ గట్టే. స్నేహితులంతా కలిసి కొండ నడక పెట్టుకుంటే ఉత్సాహం ఎంతున్నా పిక్కలు ఒప్పుకోవాలి కదా. అందుకని పది రోజుల ముందు నుంచే రోజూ పొద్దున్న మేడ మెట్లు ఓ పదిసార్లు ఎక్కి దిగండి.

ఎక్కడికి అంటే, నా ఓటు గుంటుపల్లికి. రాజమండ్రి వాళ్ళకి కోరుకొండ దగ్గరే గానీ అది మెట్ల కొండ, పైగా నిటారు. గుంటుపల్లిలో కొంత మెట్లు, కొంత దారి, మధ్యమధ్యలో ఆగి చూడ్డానికి రెండు వేల ఏళ్ళకు పైబడిన బౌద్ధ గుహలు ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళకి ఆయాసం అంతగా తెలీదు. భీమడోలు దగ్గర లోపలికి తిరిగి, ద్వారకా తిరుమల మీదుగా కామవరపుకోట వెళ్ళి, అక్కణ్ణుంచి జీలకర్రగూడెం అని అడిగితే ఎవరైనా దారి చెప్తారు.

ఫాల్గుణం చివర్లోనో చైత్రం మొదట్లోనో వెళ్ళండి. వరిచేలు దాటి మెట్టలోకి ఎక్కగానే జీడిమామిడి తోటలు మొదలవుతాయి, ఆకు రాల్చేసిన మోదుగులు కొమ్మకొమ్మకీ ఎర్రగా పూసి ఉంటాయి. శివరాత్రి రోజు మాత్రం నడకకి వద్దు. గుహలోని రాతి స్తూపాన్నే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు, ఆ రోజు బాగా జనం ఉంటారు.

చీకటితోనే బయల్దేరాలి. పది దాటితే రాయి కాలడం మొదలవుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా. తిండికి దిబ్బరొట్టి మించినది లేదు, రాత్రే కాల్చి మూట కడితే పొద్దున్నకి పైన కాలిన పెచ్చు కాస్త మెత్తబడుతుంది గానీ లోపల రుచి అలాగే ఉంటుంది, ఆవకాయ ముక్క నంజుకుంటే చాలు. ఖాళీ కడుపుతో టీ ఒక్కటే తాగి ఎవరూ ఎక్కకండి. చెప్పులు వద్దు, బూట్లే వేసుకోండి, ఇసుకరాయి మీద రాలిన సన్న గులకకి మడమ జారుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టండి, అందరూ వాడి అడుగునే నడవండి. ఒకసారి మేం గబగబా ఎక్కేసి పైన ఫోటోల్లో పడ్డాం, మాలో ఒకడు పిక్కలు పట్టేసి కింద మలుపులో ఒక్కడే అరగంట కూర్చుండిపోయాడు, పిలవడానికి మొహమాటపడ్డాడు. దిగొచ్చి చూస్తే రెండు చేతులతో పిక్క నొక్కుకుంటూ "పర్లేదురా, మీరు చూసి రండి" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచి మా గుంపులో చివర్న నడిచేది అలవాటున్నవాడే, వాడి వెనక ఎవరూ మిగలకూడదు.

ధర్మలింగేశ్వరుడి గుహలో తొందరపడకండి. గుండ్రటి గది మధ్యలో స్తూపం, తలెత్తితే పైకప్పు. పాతకాలం చుట్టిల్లు లోపల వాసాలు ఎలా ఉంటాయో అలాగే రాతిలో చెక్కారు, అది నిలబడటానికి ఆ వాసాల అవసరం ఏమీ లేకపోయినా. టార్చి ఓ పక్కనుంచి వేస్తే ఒక్కో వాసం నీడ విడివిడిగా తెలుస్తుంది. చెయ్యి మాత్రం పెట్టకండి, పేర్లు గీకేవాళ్ళు కనిపిస్తే వద్దని చెప్పండి. ఇంకా పైన మొక్కుబడి స్తూపాలు వరసలుగా ఉంటాయి, వాటి మీద కూర్చుని తినడం తప్పు, చెట్టు నీడ చూసుకోండి.

బండరాళ్ళ కింద తేనెపట్టు ఉందేమో ముందు చూడండి, ఉంటే అరుపులూ పొగా సెంటూ ఏవీ వద్దు. ఈ నెలల్లో గడ్డి ఎండిపోయి ఉంటుంది, బీడీ సిగరెట్ కారులోనే వదిలేయండి.

దిగేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న అడుగులతో దిగండి, పందేలు వద్దు. తిరుగు ప్రయాణంలో బండి తోలాల్సినవాడికి నీడలో ఓ గంట కునుకు తీయనివ్వండి, మిగతావాళ్ళు ఈలోగా చెత్తంతా సంచిలో ఏరేయొచ్చు.