దీర్ఘకాలిక వ్యాధుల ముప్పును ఒక్క కాగితం మీద రాసుకోవడం ఎలా?

మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక వ్యాధులు సాధారణంగా ఏదో ఒక్క కారణంతో రావు. పుట్టుకతో వచ్చిన జన్యువులు, రోజువారీ అలవాట్లు, మనం బతికే, పనిచేసే పరిసరాలు కలిసిన చోట ముప్పు ఎక్కువవుతుంది. అందుకే ఈ మూడింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లడం మేలు. కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేసి, మొదటి దానిలో కుటుంబం, రెండవ దానిలో అలవాట్లు, మూడవ దానిలో పరిసరాలు రాయాలి.

కుటుంబ భాగానికి ఎక్కువ సమయం కేటాయించండి. తాతలు, అమ్మమ్మ, నానమ్మలు, తల్లిదండ్రులు, వారి తోబుట్టువులు, మీ తోబుట్టువులు, పిల్లలు అందరినీ రాయండి. పెళ్లి ద్వారా వచ్చిన బంధువులు ఇందులోకి రారు. ఒక్కొక్కరి పక్కన జబ్బు పేరు, అది బయటపడిన వయసు, మరణించి ఉంటే కారణం ఉండాలి. నా దృష్టిలో జబ్బు పేరు కన్నా ఆ వయసే విలువైన సమాచారం. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే, వైద్యులు దాన్ని మీకూ ముప్పు పెంచే అంశంగా లెక్కిస్తారు. 80 ఏళ్ల వయసులో వచ్చిన గుండెపోటుకు అంత బరువు ఉండదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో చాలామంది తల్లి వైపు మాత్రమే చూస్తారు. కానీ ఆ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యు లోపాలు తండ్రి నుంచి కూడా అంతే సులువుగా సంక్రమిస్తాయి కాబట్టి మేనత్తల వివరాలూ అడగాలి.

పెద్దలను అడిగే తీరులోనే అసలు నేర్పు ఉంది. "తాతయ్య ఎలా పోయారు?" అంటే "గుండె ఆగి పోయారు" అనే జవాబు వస్తుంది, దానివల్ల ఏమీ తెలియదు. అంతకు ముందు ఛాతీలో నొప్పి అన్నారా, మూతి వంకర పోయిందా, మాట తడబడిందా, రోజూ ఏ మాత్రలు వేసుకునేవారు, కాలికి మానని పుండు ఉండేదా అని ఒక్కొక్కటిగా అడగండి. జ్ఞాపకాలు అప్పుడే కదులుతాయి. కుటుంబం చిన్నదైనా, పెద్దలు ప్రమాదాల్లో చిన్న వయసులోనే పోయినా ఈ భాగం ఖాళీగా కనిపించవచ్చు. ఖాళీగా ఉన్నంత మాత్రాన ముప్పు లేదని అనుకోకూడదు.

అలవాట్ల భాగంలో "అప్పుడప్పుడు", "కొంచెం" వంటి మాటలు వద్దు. గడిచిన వారం ఎన్ని నిమిషాలు చెమట పట్టేలా నడిచారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత మద్యం తాగారు అన్నది అంకెల్లో రాయండి. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగరెట్లు తాగేవారు రోజుకు ఎన్ని పెట్టెలో (20 సిగరెట్లను ఒక పెట్టెగా లెక్కించి), ఎన్నేళ్లుగానో హెచ్చవేసి రాయాలి. వైద్యులు వాడే లెక్క అదే.

చాలామంది ఖాళీగా వదిలేసేది పరిసరాల భాగాన్నే. మొదటి ఉద్యోగం నుంచి చేసిన పనులన్నీ, అక్కడ పీల్చిన దుమ్ము, పొగ, రసాయనాలతో సహా రాయండి, ఎందుకంటే ఆస్బెస్టాస్ అనే నారలాంటి ఖనిజపు దుమ్ము వల్ల వచ్చే క్యాన్సర్ 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. వంటపొగ, ఇంట్లో ఇతరులు తాగే పొగాకు, రద్దీ రోడ్డు పక్కన నివాసం కూడా రాయాల్సినవే.

ఇప్పుడు కాగితాన్ని అడ్డంగా చదవండి. ఒకే జబ్బు వైపు వేలు చూపే అంశాలు రెండు భాగాల్లో కనిపిస్తే వాటిని గీతతో కలపండి, వైద్యుడితో ముందుగా మాట్లాడాల్సింది వాటి గురించే. ఆస్బెస్టాస్‌తో పనిచేసిన వ్యక్తి పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఆ రెండింటిని కూడినదాని కన్నా ఎక్కువ అవుతుంది. ఇద్దరు ముగ్గురు దగ్గరి బంధువులకు మధుమేహం ఉండి, మీకు నడుము చుట్టుకొలత పెరిగి, కదలిక తగ్గితే అక్కడా గీత పడాలి. ఈ రెండో గీత విషయంలో ధైర్యం చెప్పే ఆధారం ఉంది. మధుమేహం అంచున ఉన్నవారిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్న బృందంలో, ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన బృందంతో పోలిస్తే మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది.

అన్నీ అలవాట్లతో లొంగవు. సుమారు 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే జన్యు లోపం ఉంటుంది. ఎల్‌డీఎల్ అనే ఈ చెడు కొలెస్ట్రాల్ రక్తపరీక్షలో 190 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) దాటి, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే ఆహారం సరిచేసుకోవడం ఒక్కటే చాలదు, సాధారణంగా మందులు కావాలి. అలాంటివారు తమను తాము నిందించుకోవడం అన్యాయం. జన్యు పరీక్ష అవసరమా అన్నది కూడా ఈ కాగితం చూపించి, నిపుణులతో మాట్లాడాకే తేల్చుకోండి.

పూర్తయిన కాగితంలోని కుటుంబ భాగాన్ని నకలు తీసి తోబుట్టువులకు ఇవ్వండి, మిగతా రెండు భాగాలు వారు ఎవరికి వారు నింపుకోవాలి. కుటుంబంలో ఎవరికైనా కొత్తగా జబ్బు బయటపడిన ప్రతిసారీ వారి వయసుతో పాటు తేదీ వేసి అందులో చేర్చండి.